ముప్పై ఒకటవ గడి : ఒక మహా ప్రధాన సంఖ్య



గణితశాస్త్రం పేరు వినగానే మనలో పెక్కుమందికి పరీక్షలు జ్ఞప్తికి వస్తాయి. పరీక్షలు జ్ఞప్తికి రాగానే గణితంపై విముఖత కలుగుతుంది. ఈ విముఖతను కొంతైనా తొలగించాలన్న సంకల్పంతో ఈ సంచికలో ఒకే ఒక సంఖ్యను గూర్చి ముచ్చటించదలచాము. ఆ సంఖ్య 214,74,83,647. మాటలలో చెప్పాలంటే, రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బయి నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. పది అంకెల ఈ సంఖ్య ప్రధాన సంఖ్య. దీని వెనుక రెండు వేల సంవత్సరాల ఆలోచన ఉన్నది. దీని ముందు, రానున్న 2038వ సంవత్సరంలో, ఒక చిక్కు కూడ పొంచి ఉన్నది. రెండింటినీ క్రమంగా వివరిస్తాము.

ప్రధాన సంఖ్య అనగా నేమి?

1 కన్న పెద్దదై, 1 చేతను, తన చేతను తప్ప మరే సంఖ్య చేతను నిశ్శేషంగా భాగింపబడని సహజ సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు. అట్లు భాగింపబడేది సంయుక్త సంఖ్య. మన ఉర్దూ మాధ్యమపు సోదరులు మొదటిదానిని ముఫ్రద్ అదద్ అనీ, రెండవదానిని మురక్కబ్ అదద్ అనీ చదువుకుంటారు. పేర్లు వేరైనా భావం ఒక్కటే.

మన ప్రాంతపు ఉదాహరణ ఒకటి చూద్దాం. కోరుట్లలో బీడీలు చుట్టే తల్లులకు కూలి వెయ్యి బీడీల లెక్కన ముడుతుంది. వెయ్యి బీడీలను ఇరవై ఐదు చొప్పున కట్టలు కడితే నలభై కట్టలు. ఏబది చొప్పున కడితే ఇరవై. కాని ఆనాడు మూడు బీడీలు చెడిపోయి 997 మాత్రమే మిగిలినవనుకొందాం. ఆ 997 బీడీలను ఒక్కటి కూడ మిగలకుండా సమానమైన కట్టలుగా కట్టడం ఎవరి తరమూ కాదు. ఇద్దరు కట్టినా, ఏడుగురు కట్టినా, ముప్పై ఒక్కరు కట్టినా ఏదో కొంత మిగిలిపోతుంది. ఏలనగా 997 ప్రధాన సంఖ్య. సిరిసిల్ల మగ్గం మీద పడుగు పోగులైనా, జగిత్యాల మార్కెట్టులో పెట్టెకెత్తే మామిడికాయలైనా ఇదే న్యాయం. ప్రధాన సంఖ్యలో ఉన్న వస్తువులు సమానమైన వరుసలకు లొంగవు.

997 ప్రధానమని తేల్చడానికి 996 వరకు గల సంఖ్యలన్నిటితోను భాగించనక్కర లేదు. ఒక సంఖ్యకు రెండు కారణాంకాలుంటే వానిలో చిన్నది దాని వర్గమూలాన్ని మించదు. 997 వర్గమూలం 32 లోపే. కనుక 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29, 31 అనే పదునొకండు ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. ఈ చిన్న సూత్రాన్ని గుర్తుంచుకోండి. మున్ముందు దీనితో పని ఉన్నది.

చదరంగపు గళ్ళు

చదరంగాన్ని కనిపెట్టిన పండితుడు రాజునడిగిన బహుమానపు కథ మీరెరిగినదే. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు అరవై నాలుగు గళ్ళకు రెట్టింపు చేస్తూ ధాన్యం ఇమ్మన్నాడు. మొత్తం 2⁶⁴−1, అనగా 18446744073709551615 గింజలు. రాజుగారి గాదెలన్నీ ఖాళీ అయినా తీరని కోరిక అది. సుమారు వెయ్యేళ్ళ క్రితమే అల్ బిరూనీ ఈ మొత్తాన్ని గణించి చూపాడు. తెలుగువారు ఈ ఇరవై అంకెల సంఖ్యను ఒక పద్యంలో పొదిగి కంఠస్థం చేశారు. మహావీరాచార్యుని గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చిన పావులూరి మల్లన పేరుతో ఆ పద్యం ప్రసిద్ధమై ఉన్నది.

ఆ పద్యంలోని పద్ధతి చక్కనిది. అంకెకు బదులు మాట వాడుతారు. చంద్రుడొక్కడే గనుక చంద్రుడంటే 1, నేత్రాలు 2, అగ్నులు 3, వేదాలు 4, బాణాలు 5, ఋతువులు 6, గిరులు 7, దిగ్గజాలు 8. ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి ఎడమవైపునకు చదువుకుంటూ పోతారు. ఈ పద్ధతిలో మన సంఖ్యను మేము ఇట్లు కూర్చుకున్నాము: గిరి, వేద, ఋతు, అగ్ని, గజ, సముద్ర, ముని, యుగ, చంద్ర, నేత్ర. వరుసగా అంకెలు వేసి ఎడమకు పేర్చండి, 2147483647 ప్రత్యక్షమవుతుంది.

ఇంతకూ చదరంగానికీ మన సంఖ్యకూ సంబంధమేమి? మొదటి n గళ్ళలోని గింజల మొత్తం 2ⁿ−1. ముప్పై ఒకటవ గడి వరకు పోసిన గింజల మొత్తం 2³¹−1, అనగా సరిగ్గా 2147483647. ఆ గడి దగ్గర రాజు చేయి ఆపివేసి ఉంటే, ఆ ధాన్యాన్ని ఎందరికీ సమానంగా పంచలేక సతమతమయ్యేవాడు! మరొక్క గడి ముందుకు పోతే మొత్తం 4294967295 అవుతుంది. అది 3 × 5 × 17 × 257 × 65537 గా సులభంగా విడిపోతుంది. ఒక్క గడిలో ఎంత భేదం!

ఏ గళ్ళ దగ్గర ప్రధాన సంఖ్య వస్తుంది?

n విలువ 2, 3, 5, 7 అయినప్పుడు 2ⁿ−1 విలువలు 3, 7, 31, 127. అన్నీ ప్రధానాలే. n విలువ 4, 6, 8 అయినప్పుడు 15, 63, 255, ఇవి సంయుక్తాలు. n సంయుక్త సంఖ్య అయితే 2ⁿ−1 కూడ సంయుక్తమేనని సులభంగా నిరూపించవచ్చు. కనుక n ప్రధానం కావడం అవసరం. కాని అది చాలదు. n = 11 అయినప్పుడు 2047 వస్తుంది; అది 23 × 89. n = 23 వద్ద 8388607 వస్తుంది; అది 47 × 178481.

ఈ రూపంలో ఉండే ప్రధాన సంఖ్యలను ఫ్రాన్సు దేశపు మతాచార్యుడు మెర్సెన్ పేరిట మెర్సెన్ ప్రధానాలంటారు. పెద్దల మాటలోనైనా పొరపాటు దొర్లవచ్చునని ఈ చరిత్ర మనకు బోధిస్తుంది. ఇటలీ దేశీయుడు కతాల్దీ n = 17, 19 లకు ప్రధానాలు వస్తాయని చూపి, 23, 29, 31, 37 లకు కూడ వస్తాయని చెప్పాడు. ఈ నాల్గింటిలో 31 ఒక్కటే నిజమైనది. 1644లో మెర్సెన్ 257 వరకు ఒక జాబితా ప్రకటించాడు. అందులో 67, 257 తప్పుగా చేరాయి. 61, 89, 107 చేరవలసి ఉండి చేరలేదు. 67వ ఘాతం తాలూకు సంఖ్య 193707721 × 761838257287 అని 1903లో అమెరికా గణితవేత్త కోల్ ప్రకటించేనాటికి రెండు శతాబ్దాలకు పైగా గడచిపోయాయి.

ఆయిలర్ చూపిన దారి

2147483647 వర్గమూలం 46340 కి కొంచెం ఎక్కువ. అంతలోపు ప్రధాన సంఖ్యలు 4,792 ఉన్నాయి. అన్నిటితోను భాగించడం ఒక మనిషికి దుస్సాధ్యం. అప్పటికి కంటిచూపు దాదాపు పూర్తిగా కోల్పోయిన ఆయిలర్ మహాశయుడు 1772లో ఈ శ్రమను పదవ వంతు కన్న తక్కువకు తగ్గించి, ఈ సంఖ్య ప్రధానమని నిరూపించాడు. ఆయన తర్కం డిగ్రీ విద్యార్థులకు అందరానిది కాదు.

p అనే ప్రధాన సంఖ్య 2³¹−1 ని భాగిస్తుందనుకొందాం. అప్పుడు 2 యొక్క 31వ ఘాతాన్ని p తో భాగిస్తే శేషం 1. ఫెర్మా సూత్రం ప్రకారం 2 యొక్క (p−1)వ ఘాతాన్ని భాగించినా శేషం 1 రావాలి. 31 ప్రధాన సంఖ్య కనుక, ఈ రెండూ ఒప్పుకోవాలంటే p−1 అనేది 31 చేత భాగింపబడాలి. p బేసి సంఖ్య. అందువల్ల p−1 సరి సంఖ్య. కనుక p−1 ని 62 భాగిస్తుంది. ఇది మొదటి షరతు.

రెండవది. 2³¹ శేషం 1 కనుక 2³² శేషం 2. కాని 2³² అనేది 2¹⁶ యొక్క వర్గం. అంటే p దృష్టిలో 2 ఒక వర్గసంఖ్య అయినది. ఇట్లు కావాలంటే p ని 8 తో భాగించినప్పుడు 1 గాని 7 గాని మిగలాలని సంఖ్యాశాస్త్రంలో సిద్ధాంతమున్నది. రెండు షరతులను కలిపితే, p ని 248 తో భాగించగా 1 గాని 63 గాని మిగలాలి. అనగా p రూపం 248k+1 లేదా 248k+63. ఈ షరతుల పోలికను చిన్న సంఖ్యలో సరిచూసుకోండి: 2047 కారణాంకాలైన 23, 89 లలో ఒక్కొక్కదాని నుండి 1 తీసివేస్తే 22 చేత భాగింపబడతాయి, 8 తో భాగిస్తే వరుసగా 7, 1 మిగులుతాయి.

46340 లోపు k విలువలు 1 నుండి 186 వరకు. ఒక్కొక్క k కి రెండు సంఖ్యలు, మొత్తం 372. వీనిలోనూ సంయుక్తాలను ఏరివేస్తే మిగిలేవి నూరుకు లోపే.

మా తరగతిలో జరిగినది

ఇక్కడ మా అనుభవమొకటి చెప్పవలసి ఉన్నది. ఈ పాఠం చెప్పిన రోజున ఒక విద్యార్థి లేచి, “అయ్యా, పుస్తకంలో ప్రధానమని ఉన్నది గదా, మనం నమ్మితే చాలదా?” అని అడిగాడు. ప్రశ్న సమంజసమైనదే. మేము జవాబు చెప్పక, 372 ని 31 చేత భాగించి చూడమన్నాము. సరిగ్గా పన్నెండు వచ్చినది! ముప్పై ఒక్కరు విద్యార్థులు తలా ఆరు k విలువలు తీసుకొని, పన్నెండేసి భాగహారాలు చేస్తే ముప్పై ఒకటవ గడి సంఖ్య తేలిపోతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుండి వచ్చే పిల్లలు, ఉర్దూ మాధ్యమం వారు, తెలుగు మాధ్యమం వారు కలిసి కూర్చున్నారు. యంత్రం వాడరాదని నియమం పెట్టాము.

సాయంకాలానికి ఒక మూల కలకలం చెలరేగినది. ఒక కాగితం మీద శేషం సున్న వచ్చినది! ఒక్క క్షణం గదిలో అందరూ నిశ్శబ్దమయ్యారు. ఆ లెక్క నిజమైతే ఆయిలర్ తప్పు. ఎవరూ ఆ విద్యార్థిని నవ్వలేదు. ఎవరూ ఆయిలర్ పేరు చెప్పి కొట్టివేయనూ లేదు. పక్కన కూర్చున్న ఇద్దరు అదే భాగహారాన్ని మొదటి నుండి వేర్వేరుగా చేశారు. ఒక తీసివేతలో అప్పు తెచ్చుకోవడం మరచినట్లు తేలినది. శేషం సున్న కాదు. ఆ విద్యార్థి తన తప్పు తానే చుట్టి గుర్తు పెట్టి, సరి చేసి ఇచ్చాడు. మెర్సెన్ జాబితాలోని తప్పు తేలడానికి రెండు వందల ఏళ్ళకు పైగా పట్టినది; మా తరగతిలోని తప్పు అరగంటలో తేలినది. మొదట ప్రశ్న వేసిన విద్యార్థికి కావలసిన జవాబు అదే. నమ్మడం వేరు, తెలుసుకోవడం వేరు. గణితంలో పెద్దపేరుకు గాని, పెద్దకుర్చీకి గాని చోటు లేదు, నిరూపణకే చోటు.

పరిపూర్ణ సంఖ్యతో బాంధవ్యం

తన కన్న చిన్నవైన భాజకాలన్నిటి మొత్తానికి సమానమైన సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారు. 6 = 1+2+3. 28 = 1+2+4+7+14. 2ⁿ−1 ప్రధానమైతే దానిని 2 యొక్క (n−1)వ ఘాతంతో గుణించగా పరిపూర్ణ సంఖ్య వస్తుందని యూక్లిడ్ నిరూపించాడు. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఈ రూపంలోనివేనా అని సుమారు వెయ్యేళ్ళ క్రితం ఇబ్న్ అల్ హైథమ్ విచారించాడు; పూర్తి నిరూపణ ఆయిలర్ ఇచ్చాడు. ప్రధాన సంఖ్యకు ముందున్న సంఖ్యలన్నిటినీ గుణించి 1 కలిపితే ఆ ప్రధాన సంఖ్య చేత భాగింపబడుతుందన్న ధర్మం కూడ ఇబ్న్ అల్ హైథమ్ ఎరుగును. 5 విషయంలో 1×2×3×4+1 = 25. ఇది ఐరోపాలో విల్సన్ సిద్ధాంతమన్న పేరు పొందక ఏడు శతాబ్దాల ముందటి మాట.

మన ముప్పై ఒకటవ గడి సంఖ్య నుండి 2305843008139952128 అనే పరిపూర్ణ సంఖ్య జనించినది. 1811లో బార్లో అనే ఆంగ్ల గణితవేత్త, ఇంతకన్న పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎవరూ కనుగొనబోరనీ, ప్రయోజనం లేని వినోదానికి ఎవరు పూనుకుంటారనీ అభిప్రాయపడ్డాడు. 1876లోనే లూకా 127వ ఘాతాన్ని సాధించి ఆ జోస్యాన్ని వమ్ము చేశాడు.

ఈ రంగంలో మన తెలుగువాడొకడు కృషి చేశాడని ఎంతమందికి తెలుసు? నాటి గుంటూరు జిల్లా యాజలి గ్రామంలో 1921లో జన్మించిన మతుకుమల్లి వెంకట సుబ్బారావు గారు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో బోధించి, 1963 నుండి కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉండి 2006లో కీర్తిశేషులయ్యారు. ఆయన వారెన్ అనే గణితవేత్తతో కలిసి 1966లో మరొక విధమైన పరిపూర్ణతను నిర్వచించారు. ఒక భాజకానికీ, దానితో భాగించగా వచ్చిన ఫలానికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండరాదు. అట్టి భాజకాలను మాత్రమే కూడాలి. 60 కి అట్టివి 1, 3, 4, 5, 12, 15, 20. కూడి చూడండి; సరిగ్గా 60. వారిరువురూ 6, 60, 90, 87360 అనే నాలుగింటిని చూపారు. ఐదవదానికి ఇరవై నాలుగు అంకెలు; దానిని వాల్ 1975లో ప్రచురించాడు. ఇట్టివి పరిమితంగానే ఉంటాయని సుబ్బారావు గారి ఊహ. దానిని నిరూపించే అవకాశం మీ తరానికి మిగిలి ఉన్నది.

ప్రయోజనమేమి?

ఈ ప్రశ్న తప్పదు గనుక జవాబు చెబుతాము. కంప్యూటరులో ఒక సంఖ్యకు ముప్పై రెండు స్థానాలు కేటాయించి, ఒకదానిని ధన, ఋణ భేదానికి ఉంచితే, అందులో ఇమిడే మిక్కిలి పెద్ద సంఖ్య 2147483647. పెక్కు కంప్యూటర్లు 1970 జనవరి 1 నుండి సెకన్లు లెక్కిస్తూ కాలాన్ని గుర్తిస్తాయి. ఆ లెక్క 2038 జనవరి 19న, మన కాలమానంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఈ సంఖ్యను చేరుతుంది. ఆ మరుసటి సెకనుకు పాత యంత్రాలలో చోటు చాలక కాలం వెనుకకు దొర్లుతుంది. వానిని ముందుగా సరిచేయవలసిన ఇంజనీర్లు నేడు మీ వంటి తరగతి గదులలోనే కూర్చొని ఉన్నారు.

ఇంకొకటి. యంత్రం చేత చీట్లు తీయించినట్లు యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించాలంటే, ఒక సంఖ్యను 16807 తో గుణించి, 2147483647 తో భాగించి, శేషాన్ని తీసుకొని, మరల అదే పని చేస్తూ పోవడం 1969 నుండి ప్రచారంలోకి వచ్చిన పద్ధతి. 16807 అంటే 7 యొక్క ఐదవ ఘాతం. ఈ వరుసలో ఒక్కటి కూడ విడువకుండా 2147483646 సంఖ్యలు వచ్చిన తరువాతనే మొదటిది తిరిగి వస్తుంది. భాజకం ప్రధానమైనందువల్లనే ఈ గుణం సాధ్యమైనది. ఇక 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ కనుగొన్న రహస్యలిపి, గుణించడం తేలిక, కారణాంకాలు విడదీయడం కష్టం అన్న ఒక్క సత్యంపై నిలిచి ఉన్నది. బార్లో వ్యర్థమనుకున్న విద్య నేడు లోకపు ధనాగారాలకు తాళమైనది.

పరీక్షించే మార్గాలు కూడ పెరిగాయి. లూకా, లెహ్మర్‌ల పరీక్ష చూడండి. 4 తో మొదలుపెట్టి, ప్రతిసారి వర్గం చేసి 2 తీసివేసి, 2ⁿ−1 తో భాగించిన శేషాన్ని ఉంచుకోవాలి. ఇట్లు n−2 సార్లు చేసిన పిమ్మట సున్న వస్తే ప్రధానం. 31 కి: 4, 14, 8, 0. కనుక ప్రధానం. 2047 కి చివర 1736 మిగులుతుంది, కనుక కాదు. మన సంఖ్యకు ఇరవై తొమ్మిది అంచెలు చాలు. ఈ పరీక్ష ఆధారంగానే 2024 అక్టోబరులో 136279841వ ఘాతం గల మెర్సెన్ ప్రధానం ధ్రువపడినది. దానికి 4,10,24,320 అంకెలు. ఇక ఏ సంఖ్యనైనా ప్రధానమో కాదో త్వరితంగా, నిస్సందేహంగా తేల్చే పద్ధతిని 2002లో కాన్పూరు ఐ.ఐ.టి.లో మణీంద్ర అగ్రవాల్, ఆయన విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనుగొని ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. ఆ విద్యార్థులిద్దరూ ఆ సంవత్సరమే బి.టెక్. ముగించినవారన్న సంగతి మీరు మరువరాదు.

చివరి మాట

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత గణితాన్ని బోధించినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులో కళాశాల గ్రంథాలను అందించినది. ఉన్నత గణితానికి మన భాషలు చాలవన్న మాట నిజం కాదని ఈ రెండూ నిరూపించాయి. కాగా పాఠ్యప్రణాళికను దాటి చదువదలచిన విద్యార్థికి ఈ రెండు భాషలలోనూ పుస్తకాలు అరుదు. కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే: గ్రంథాలయంలో సంఖ్యాశాస్త్రానికి ఒక అర, అందులో రెండు భాషలకూ సమానమైన చోటు కల్పించండి. ఆ ముప్పై ఒక్కరు చేసిన 372 భాగహారాల కాగితాలను మేము పుస్తకంగా కుట్టించి ఉంచాము. ఆ అరలో మొదటి గ్రంథం అదే కాగలదు. తప్పు దొర్లి, చుట్టి, సరిచేసిన పుట కూడ అందులో యథాతథంగా ఉన్నది. దానిని తొలగించవద్దని విద్యార్థులే కోరారు.